ఇరవై ఆరో వారం, రాత్రి తొమ్మిదిన్నర

ఉంగరం రావడం లేదు.

పెరటి కుళాయి దగ్గర పీట వేసుకుని, వేలికి సబ్బు రాసి తిప్పి తిప్పి లాగుతోంది ఆ అమ్మాయి. కణుపు దాకా వస్తుంది, అక్కడ చర్మం ముడతపడి ఆగిపోతుంది. పెళ్లినాడు ఇదే ఉంగరం వదులైతే లోపల దారం చుట్టి తొడిగారు. ఇప్పుడు దానికి అటూ ఇటూ వేలు ఉబ్బి ఎర్రగా కమిలింది.

వాన వెలిసి గంట కావస్తోంది. కొబ్బరాకుల మీది చుక్కలు రేకుల మీద పడి టప్పుటప్పుమంటున్నాయి. కోనసీమ పల్లెలో రాత్రి తొమ్మిదిన్నరంటే సగం ఊరు పడుకున్నట్టే. వంటింట్లో గిన్నెల మీద మూతలు పెడుతూ అత్తగారు అక్కణ్ణుంచే అంటోంది: "రాకపోతే వదిలెయ్ అమ్మాయ్. కడుపుతో ఉన్నదానికి నీరు పట్టదా ఏంటి? మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళకి చెప్పులే పట్టేవి కావు."

ఆవిడ మాటలో అబద్ధం లేదు. అయిదో నెల దాటాక పాదాలు వాచడం చాలామందికి ఉండేదే. పెరిగే గర్భసంచి కాళ్ళ నుంచి రక్తాన్ని పైకి తెచ్చే సిరల్ని నొక్కుతుంది, నీరు కిందకి దిగుతుంది, రాత్రి పడుకుని లేస్తే తగ్గుతుంది. అందుకే వాపు ఒక్కదాన్నే చూసి డాక్టర్లు ఇప్పుడు జబ్బు పేరు పెట్టరు. కానీ ఈ పిల్ల వాపు పాదాలతో ఆగలేదు. వేళ్ళకొచ్చింది. పొద్దున్న అద్దంలో చూసుకుంటే కళ్ళ కిందకీ వచ్చింది. మధ్యాహ్నం నుంచి నుదురంతా పట్టేసినట్టు తలనొప్పి. మరిది మెడికల్ షాపుకెళ్ళి బిళ్ళ తెచ్చిచ్చాడు, వేసుకుని మూడు గంటలయినా ఆ నొప్పి అలాగే ఉంది.

ఇవన్నీ ఇంట్లో చెప్పింది. చెప్పనిది ఇంకొకటుంది. మధ్యాహ్నం అన్నం తిన్న దగ్గర్నుంచి లోపల కదలిక తెలియడం లేదు.

తొలిచూలు. ఇరవయ్యో వారంలో మొదటిసారి తెలిసినప్పుడు గ్యాసేమో అనుకుంది. తర్వాత్తర్వాత గుర్తుపట్టింది, బిందెలో చేపపిల్ల తోక కొట్టినట్టు ఒక పక్కన ఒకే ఒక్క దెబ్బ. ఈమధ్య రాత్రి భోంచేసి నడుం వాలిస్తే చాలు, మొదలయ్యేది. ఇందాక ఎడమ పక్కకి తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని చూసింది. ఏమీ లేదు. కాసేపయ్యాక లేచి పెరట్లోకొచ్చి ఈ ఉంగరం పట్టుకుంది.

"అత్తయ్యా, బుజ్జిగాడు కదలట్లేదు."

గిన్నెల చప్పుడు ఆగింది.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది మన ఇళ్ళన్నిట్లో జరిగేదే. ముందు బెల్లం ముక్క వచ్చింది, తీపి తగిలితే కదులుతాడని. ఆ వెంటనే గ్లాసుడు చల్లటి నీళ్ళు. గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని అత్తగారు మూడుసార్లు దిష్టి తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి తగిలిన మాట నిజమేనని తేల్చింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "పడుకునుంటాడే, వాడికి మాత్రం నిద్ర రాదా?" అంది. కువైట్‌లో అప్పుడు రాత్రి ఏడు. భర్త డ్యూటీ దిగి ఫోన్ చేశాడు. సంగతి విని ఏం కాదులే అన్నాడు గానీ, ఫోన్ పెట్టేశాక నెట్‌లో ఏం చదివాడో, అయిదు నిమిషాల్లో మళ్ళీ చేసినప్పుడు గొంతు మారిపోయింది.

పిన్నిగారి మాటా నిజమే. కడుపులో బిడ్డ విడతలు విడతలుగా నిద్రపోతుంది, ఇరవై నిమిషాలో నలభై నిమిషాలో ఒక్కో విడత. ఇక్కడ గడిచింది తొమ్మిది గంటలు. పైగా ఆవిడకి కనబడేది గోడకి ఇవతల నిలబడ్డ మనిషే గానీ లోపలిది కాదు. ధైర్యం చెప్పడానికి మన దగ్గర ఎప్పుడూ కరువుండదు. బీపీ మిషనూ అక్కర్లేదు, టార్చీ లైటూ అక్కర్లేదు, నోరుంటే చాలు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ చూడకుండా చెప్పిన ధైర్యం ఎదుటి మనిషి నోరు మూయించడానికే ఎక్కువగా పనికొస్తుంది. పాపం ఈ పిల్ల తొమ్మిది గంటలు మాట్లాడకుండా ఉన్నది అందుకే. మొదటిసారి కాళ్ళు వాచాయని చెప్పినప్పుడే అందరూ అది మామూలేనని తేల్చేశారాయె.

చివరికి ఆశా వర్కర్‌కి ఫోన్ చేసింది మరిది. ఆవిడ "ఏం కాదులే" అనలేదు. వరసగా అడుగుతూ పోయింది.

"కళ్ళు మసకలుగా ఉన్నాయామ్మా? కళ్ళ ముందు మెరుపుల్లాంటివి?"

"లేదక్కా."

"పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద నొప్పుందా?"

"లేదు."

"రక్తం గానీ నీరు గానీ పోతోందా?"

"అదీ లేదు."

"సరే. కార్డు తీసుకో, మూడు నెలల క్రితం తీయించుకున్న టిఫా స్కాన్ రిపోర్టు కూడా తీసుకో. కాదు, రెండు నెలలా? ఏదైతే అది, దొరికిన కాగితాలన్నీ సంచిలో వెయ్యి. ఊళ్ళో క్లినిక్ ఈ టైంలో ఉండదు. ఏరియా ఆసుపత్రికి వెళ్ళిపోండి, ఇప్పుడే. పొద్దున్న దాకా ఆగొద్దు. ఆటో ఉంటే ఎక్కెయ్యండి, లేకపోతే 108కి కొట్టండి. దారిలో చూపు మసకేసినా, ఒళ్ళు బిగుసుకున్నా ఆటో పక్కకాపి వెంటనే 108కే చెయ్యండి. నేను స్టాఫ్ నర్సుకి చెప్పి ఉంచుతాను."

ఆటో మూడిళ్ళ అవతల ఉంది. డ్రైవర్ లుంగీ మీదే వచ్చాడు. కాలవ గట్టు రోడ్డు, ప్రతి మలుపులోనూ వాన నీళ్ళు నిలిచిన గోతులు. ఒక్కో గొయ్యి దగ్గర అతను ఆటోని నడిపిస్తున్నంత నెమ్మదిగా దింపుతున్నాడు. అత్తగారు కోడలి భుజం చుట్టూ చెయ్యేసి ఏదో స్తోత్రం గొణుగుతోంది, మధ్యలో ఆపి "కదిలాడా?" అని అడుగుతోంది. లేదని తల ఊపితే మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంటోంది. కార్డున్న ప్లాస్టిక్ సంచి కోడలి ఒళ్ళో ఉంది. అందులో కాగితాలతో పాటు ఒక తువ్వాలు, రెండు అరటిపళ్ళు. అవి ఎవరు పెట్టారో తెలియదు.

ఆసుపత్రిలో ప్రసూతి విభాగం మేడ మీద. మెట్ల మలుపులో చాపలూ దుప్పట్లూ పరుచుకుని బాలింతల తాలూకు మనుషులు పడుకుని ఉన్నారు. తలుపు బయట చెప్పుల గుట్ట. లోపల ట్యూబ్‌లైటు వెలుగులో స్టాఫ్ నర్సు, యాభై దగ్గర్లో ఉంటుంది, ఎదురుగా వచ్చి కార్డు అందుకుంది. ముందు కార్డు చదివింది, ఆ తర్వాతే మనిషి మొహంలోకి చూసింది. కిందటి నెల బీపీ 110/70, బరువు 54. బ్లడ్ గ్రూప్ దగ్గర వేలాపి చూసింది. నెగటివ్ అయితే ఇరవై ఎనిమిదో వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ మాట ముందే అనుకోవాలి. ఇక్కడ బి పాజిటివ్.

"తలనొప్పికి ఏం బిళ్ళ వేసుకున్నావు? అట్ట ఉందా?"

మరిది జేబులోంచి తీశాడు. పారాసిటమాల్ 650. నర్సు తలూపింది. ఇరవయ్యో వారం దాటాక ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు, బిడ్డ మూత్రపిండాల మీద పడుతుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. తలనొప్పికి ఏదో ఒకటివ్వమంటే షాపులో ఆ కౌంటర్ మీద రెండు రకాలూ దొరుకుతాయి.

"ముందు బాత్రూంకి వెళ్ళి ఈ డబ్బాలో కొంచెం పట్టుకురా. బీపీ తర్వాత."

అదీ లెక్క ప్రకారమే. నిండు మూత్రాశయంతో బీపీ చూస్తే అంకె పైకి చూపిస్తుంది. అమ్మాయి తిరిగొచ్చాక కుర్చీలో వీపు ఆనించి కూర్చోమంది, కాళ్ళు రెండూ నేలకి ఆనించమంది, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించింది. పట్టీ చుట్టి, గాలి మాత్రం ఎక్కించలేదు. "అయిదు నిమిషాలు మాట్లాడకు. ఎవరూ మాట్లాడించకండి." అత్తగారికి ఆ అయిదు నిమిషాలు ఎంత కష్టమయ్యాయో ఆవిడ పెదాలు చూస్తే తెలుస్తుంది.

పట్టీ బిగిసింది, వదిలింది. 144/92.

నర్సు మొహంలో ఏమీ మారలేదు. కార్డు మీద రాయకుండా పక్కనున్న చిన్న కాగితం మీద రాసుకుంది. "ఎడమ పక్కకి తిరిగి పడుకో. పావుగంటాగి మళ్ళీ చూస్తా."

గర్భిణికి గీత 140/90 దగ్గర. పైదీ కిందదీ రెండిట్లో ఏది దాటినా దాటినట్టే. ఒక్కసారి దాటితే జబ్బని కాదు, నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూడాలి. 160/110కి చేరితే మాత్రం ఆగరు, అప్పటికప్పుడు మందు మొదలుపెడతారు. ఇరవయ్యో వారం తర్వాత బీపీ ఇలా పెరిగి, దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయమో మూత్రపిండాలో ప్లేట్‌లెట్లో దెబ్బతినడమో జరిగితే అది ప్రీఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అంటారు. ఈ గదిలో ఓ మూల స్టీలు ట్రే ఒకటి గుడ్డ కప్పుకుని ఉంది, దాని మీద ఎక్లాంప్సియా అని చీటీ అంటించి ఉంది. అందులో మెగ్నీషియం సల్ఫేట్ గాజు బుడ్లు, పెద్ద సిరంజీలు, మందు ఎక్కువైతే విరుగుడుగా క్యాల్షియం గ్లూకోనేట్. చవక మందే. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద చేసి 2002లో ప్రకటించిన మ్యాగ్‌పై పరిశోధనలో, ఈ మందు ఫిట్స్ ముప్పుని సగానికి పైగా తగ్గించిందని తేలింది. పల్లెలో ఏఎన్ఎం కూడా మొదటి డోసు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపేలా మన దేశంలో శిక్షణ ఇస్తారు. ఈ రాత్రికి ఆ గుడ్డ తీయాల్సిన పని పడుతుందో లేదో పావుగంటలో తెలిసేది కాదు.

ఈలోగా నర్సు మూత్రంలో కాగితపు పట్టీ ముంచి తీసింది. అంచుని డబ్బాకి ఒరిపించి, సీసా మీదున్న రంగుల వరసకి ఆనించి పట్టుకుంది. ప్రొటీన్ ఉంటే పసుపు గడి ఆకుపచ్చకి తిరగాలి. ఈ పట్టీలు రాకముందు గాజు గొట్టంలో మూత్రాన్ని దీపం మీద కాచి, ఎసిటిక్ ఆసిడ్ చుక్కలు వేసి, తెల్లగా మబ్బు పడుతుందా లేదా అని చూసేవాళ్ళు. నర్సు కళ్ళజోడు పైకి నెట్టుకుని ట్యూబ్‌లైటు కిందకి జరిగింది. పసుపు పసుపుగానే ఉంది.

"ఇప్పుడు బుజ్జిగాడి సంగతి చూద్దాం."

పొట్ట మీద చల్లటి జెల్. అరచేతిలో ఇమిడే డాప్లర్ మిషను. మొదట వచ్చింది గాలి వీచినట్టు హూ హూ అంటూ ఒక చప్పుడు, నెమ్మదిగా. అమ్మాయి ఊపిరి బిగబట్టింది. నర్సు రెండో చేత్తో ఆ పిల్ల మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. చప్పుడూ నాడీ కలిసి నడుస్తున్నాయి. "ఇది నీదే," అంది. ఇళ్ళల్లో వాడుకోవడానికి ఇలాంటి మిషన్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారు. వాటితో వచ్చే చిక్కు ఇదే. తల్లి నాడి విని బిడ్డదనుకుని, ఇంట్లోనే ఉండిపోతారు.

మిషను కొద్దిగా కిందకి జరిగింది. ఎడమకి. గరగర. మళ్ళీ కిందకి. ఏమీ లేదు. అత్తగారు మంచం కమ్మీ పట్టుకుంది. నర్సు తొందరపడటం లేదు, మిషనుని వాలుగా తిప్పి బొడ్డుకి కింద కుడివైపు ఒత్తి పట్టుకుంది.

టకటకటకటక.

మణికట్టు దగ్గర నాడి తొంభై. ఇది దాన్ని దాటుకుని పరిగెడుతోంది. నర్సు గోడ గడియారం వంక చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. "నూట నలభై ఆరు. బాగుంది." 110కీ 160కీ మధ్య ఉంటే చాలు. అమ్మాయి కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. 1821లో కెర్గరడెక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఓ గర్భిణి పొట్టకి స్టెతస్కోప్ ఆనించాడు, ఉమ్మనీటి చప్పుడు వినిపిస్తుందేమోనని. ఆయనకి వినిపించింది ఇదీ. ఎదురుచూడకుండా ఇది విన్న మనిషికి ఎలా ఉండి ఉంటుందో గానీ, తొమ్మిది గంటలు ఎదురుచూసి విన్న మనిషి ఇదిగో ఇలా ఉంది.

అంతలో మిషన్లో 'ఠప్' మని పెద్ద చప్పుడు. గుండె చప్పుడు ఒక్క క్షణం మాయమై మళ్ళీ దొరికింది.

"చూశావా, తన్నాడు."

"నాకేం తెలియలేదండీ!"

"తెలియలేదా?" నర్సు సంచిలోంచి టిఫా రిపోర్టు లాగి, రెండో పేజీలో ఒక లైను మీద గోరు పెట్టింది. "మాయ ముందు గోడకుంది నీకు. యాంటీరియర్ ప్లసెంటా. నీ పొట్టకీ వాడి కాళ్ళకీ మధ్య మాయ అడ్డుగా ఉంది. అందుకే కొన్ని తన్నులు నీదాకా రావు."

ఆ రిపోర్టు ఇంట్లో రెండు నెలలుగా బీరువాలో ఉంది. స్కాన్ రోజున అందరికీ కావలసింది 'అంతా బాగుంది' అన్న ఒక్క ముక్క. అది విన్నాక ఇంకో లైను ఎవరూ చదవలేదు.

రెండోసారి బీపీ 138/88. గీతకి ఇవతలే గానీ మరీ అంచున. డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది, ఇంకా ముప్ఫై కూడా ఉండవు. నర్సు అడిగినవే మళ్ళీ అడిగింది. కుడి పక్కటెముకల కింద నొక్కింది. టేపుతో పొట్ట కొలిచింది, 25 సెంటీమీటర్లు. ఈ వారానికి రెండు అటూ ఇటూ ఉన్నా సరిపోతుంది. తర్వాత మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో కొట్టి కాలు ఎంత ఎగురుతుందో చూసింది. నరాలు రేగి ఉంటే కాలు బాగా ఎగురుతుంది. ఫిట్స్ రాబోయే ముందు అదొక గుర్తు. ఈ కాలు మామూలుగానే కదిలింది.

"రక్తం తీసి పంపుతున్నాం, ప్లేట్‌లెట్లూ లివరూ క్రియాటినినూ చూడాలి. ఈ రాత్రికి ఇక్కడే ఉండాలి. మూడు గంటలకి మళ్ళీ బీపీ చూస్తాం."

"ఏం ఫర్వాలేదు కదమ్మా?" అత్తగారు.

"ఇప్పటిదాకా చూసినవన్నీ బాగానే ఉన్నాయండీ. మిగిలినవి చూసి చెప్తాను."

పిన్నిగారూ, మరిదీ, కువైట్ నుంచి మొగుడూ సాయంత్రం నుంచి చెప్పినదాంట్లో ఇంత ఆచితూచి అన్న మాట ఒక్కటీ లేదు. అయినా అమ్మాయి పక్కకి తిరిగి నిద్రపోయింది.

మూడింటికి 132/84. తెల్లారేసరికి రక్త పరీక్షలు వచ్చాయి, అన్నీ హద్దుల్లోనే. తలనొప్పి నిద్రలోనే ఎప్పుడో పోయింది. డాక్టరమ్మ కార్డు మీద ఈసారి మూడు అంకెలూ రాసింది, 144తో సహా. "ప్రీఎక్లాంప్సియా ఇవాళ్టికి లేదు. రేపు రాదని నేను చెప్పలేను. అందుకని వారానికి రెండుసార్లు బీపీ చూపించుకోవాలి, ఊళ్ళో క్లినిక్‌లో చాలు. క్యాల్షియం బిళ్ళలు వేసుకుంటున్నావా?"

అమ్మాయి అత్తగారి వైపు చూసి, కిందకి చూసింది. "వికారంగా ఉంటోందని ఆపేశానండీ."

"అన్నం తిన్నాక వేసుకో, పొద్దున్నొకటి రాత్రొకటి. ఐరన్ బిళ్ళతో కలిపి వేసుకోకు, రెండు గంటలు తేడా పెట్టు. పాలూ పెరుగూ తక్కువ తినేవాళ్ళకి క్యాల్షియం వేస్తే ఈ బీపీ జబ్బు ముప్పు తగ్గుతుంది, అందుకే పద్నాలుగో వారం నుంచి ఇస్తున్నాం."

"ఉప్పు మాన్పించెయ్యమంటారా? నీళ్ళు తగ్గించమంటారా?" అత్తగారు.

"రెండూ వద్దమ్మా. మామూలుగా తిననివ్వండి. తలనొప్పి బిళ్ళకి తగ్గకపోయినా, కళ్ళు మసకేసినా, కదలిక తగ్గిందనిపించినా రాత్రీ పగలూ చూడకుండా తీసుకురండి."

నర్సు అమ్మాయి వేలికి సన్నటి దారం చుట్టి, ఒక కొస ఉంగరం కిందనుంచి దూర్చి, చుట్లు విప్పుకుంటూ లాగింది. ఊడొచ్చింది. "నీళ్ళాడే దాకా ఇది అత్తగారి దగ్గరుంచు."

సంచి సర్దుకుంటుండగా అత్తగారు కుర్చీలో కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టింది. "ఎలాగూ వచ్చాంగా, నాది కూడా ఓసారి చూసెయ్ అమ్మా."

"మాట్లాడకండి మరి."

పట్టీ బిగిసింది, వదిలింది. నర్సు మళ్ళీ చూసింది. ఆగి, రెండో చేతికి మార్చి మూడోసారి చూసింది.

"168/98. మందులేమైనా వాడుతున్నారా?"

"నాకెందుకు మందులు! నాకు తలనొప్పి కూడా లేదు."

"ఉండక్కర్లేదండీ, చాలామందికి ఏమీ ఉండదు." చీటీ రాసి చేతిలో పెట్టింది. "కింద ఓపీ తొమ్మిదింటికి తీస్తారు. చూపించుకుని వెళ్ళండి."

"రాత్రి నిద్ర లేక వచ్చుంటుందిలే. మామూలే ఇది. పద అమ్మాయ్."

కోడలు కదల్లేదు. చీటీ అందుకుని చదివింది. బయట ఆటో దగ్గరున్న మరిదికి ఫోన్ చేసి, ఇంకో రెండు గంటలు పడుతుందని, అత్తయ్యకి ఇడ్లీ పట్టుకురమ్మని చెప్పింది.